బల్ల వేస్తే వంతెన

వరహాలమ్మ కొట్టు తలుపులు తీసేసరికి ఎదురుగా వీధి లేదు.

నిన్న సాయంత్రం ఉంది. ఇప్పుడు దాని చోట మనిషి లోతు గొయ్యి ఉంది. గొయ్యి అవతల ఎర్రమట్టి గుట్ట, గుట్ట పక్కన మెడ వంచుకుని నిలబడ్డ పసుప్పచ్చ జేసీబీ. తెల్లవారుజామున ఏదో చప్పుడు వినిపిస్తే పక్కింటివాళ్ల గ్రైండరు చెడిపోయిందనుకుని ఆవిడ అటు తిరిగి పడుకుంది. చెడిపోయింది గ్రైండరు కాదు.

"అక్కా! నీ కొట్టు లంకైపోయింది!" అవతలి గట్టు మీంచి కేకేశాడు టైలర్ గవర్రాజు. "ఇడ్లీలు విసురు, పట్టుకుంటాను."

"సాంబారు కూడా విసరమంటావేంట్రా?"

"కొలత తీసుకుని విసిరితే అదీ పడతాను."

ఏటిగడ్డ నగరంలో పాతాసుపత్రి వీధి అంటే వరహాలమ్మ టిఫిన్ సెంటరే. ఇరవయ్యేళ్లుగా అక్కడే అట్టు పోస్తోంది. ఆసుపత్రిలో మంచాల పక్కన కూర్చుని జాగారం చేసినవాళ్లు, పింఛను పుచ్చుకునే పెద్దవాళ్లు, ఆటోవాళ్లు, వీళ్లే ఆవిడ రాజ్యం. అందులో మొదటి పౌరుడు రిటైరైన కాంపౌండర్ నూకరాజు గారు. రోజూ పొద్దున్నే వస్తాడు, రెండిడ్లీ తింటాడు, చెయ్యి కడుక్కుంటూ "ఇవాళ చట్నీలో కొంచెం ఉప్పు తగ్గిందమ్మా" అంటాడు. ఉప్పు తగ్గినా అంటాడు, ఎక్కువైనా అంటాడు. ఆ మాట వినపడితే వరహాలమ్మకు రోజు మొదలైనట్టు.

ఆ రోజు నూకరాజు గారు అవతలి గట్టు మీద చేతికర్ర పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

పదింటికి నగరపాలక సంస్థ ఇంజనీరు బాపినీడు వచ్చాడు. నెత్తిమీద హెల్మెట్టు, చంకలో చుట్టిన మ్యాపు.

"మంచినీటి గొట్టాలమ్మా. తవ్వడం, వేయడం, పూడ్చడం. వారంలో నీ వీధి నీకు అప్పజెప్పేస్తాం."

వారం మాట నిజమే అయ్యుండేది. కానీ ఆ సాయంత్రమే నగరపాలక ఎన్నికల ప్రకటన వెలువడింది. వెలువడిన మరుక్షణం నుంచి ఎన్నికల నియమావళి, అందరి నోళ్లలో 'కోడ్', అమల్లోకి వచ్చింది. వీధి చివరి నాయకుడి విగ్రహానికి ముసుగు కుట్టే పని గవర్రాజుకు దొరికింది. కొలతలు తీసేటప్పుడు కదలకుండా నిలబడ్డ కస్టమరు ఇన్నేళ్లలో ఆయనొక్కడేనని గవర్రాజు అందరికీ చెప్పుకున్నాడు.

మర్నాడు బాపినీడు ముఖం మారిపోయింది.

"కోడ్ వచ్చిందమ్మా. కోడ్ ఉండగా నడుస్తున్న పని నడవొచ్చు. కొత్త పని మొదలెట్టకూడదు."

"నడుస్తున్న పనేగా బాబూ ఇది?"

"తవ్వకం నడుస్తున్న పని. గొట్టాలు వేయడం వేరే పని. పూడ్చడం మూడో పని. దేని అంచనా దానిదే. అవి రెండూ ఇంకా మొదలవలేదు కాబట్టి కొత్త పనులు."

"అంటే?"

"అంటే తవ్వొచ్చు. పూడ్చకూడదు."

వరహాలమ్మ ఇంజనీరు వంక చూసింది. ఎగతాళి చేస్తున్నట్టు లేడు. చాలా శ్రద్ధగా, బాధగా కూడా చెబుతున్నాడు.

ఆవిడ లోపలికెళ్లి అటక మీంచి అత్తగారి కాలంనాటి టేకు బల్ల దింపింది. ఒకప్పుడు పెళ్లిళ్లకు వంటవాళ్లు కూరలు తరుక్కునే బల్ల. నలుగురు కూర్చున్నా వంగదు. దాన్ని గోతి మీద అడ్డంగా వేసింది. గవర్రాజు దాటాడు. ఇద్దరు ఆటోవాళ్లు దాటారు. నూకరాజు గారు కర్ర ఊతంగా సగం దూరం వచ్చాడు.

"ఆగండి!" బాపినీడు పరుగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా ఇది?"

"బల్ల."

"గోడకానించితే బల్ల. గోతి మీద వేస్తే వంతెన. వంతెన అంటే నిర్మాణం. కోడ్ ఉండగా కొత్త నిర్మాణం జరిగిందని ఎవరైనా ఫొటో తీసి పై వాళ్లకు పంపితే నా ఉద్యోగం ఏంగానూ?"

"నన్ను మధ్యలో నిలబెట్టి మాట్లాడుకోకండి నాయనా," అన్నాడు నూకరాజు గారు బల్ల మీంచి.

బాపినీడు హెల్మెట్టు సవరించుకున్నాడు. నిజానికి మంచివాడు. ఆయన పెళ్లికి అట్లు పోసింది కూడా వరహాలమ్మే.

"ఒక పని చెయ్యమ్మా. మనిషి దాటేటప్పుడు వెయ్యి. దాటగానే తీసెయ్యి. వేసి ఉంచితే వంతెన. వేసి తీస్తే రవాణా. రవాణాకు కోడ్ అడ్డురాదు."

ఆ రోజు నుంచి వరహాలమ్మ బతుకు రవాణా అయిపోయింది. కస్టమరు వస్తే పొయ్యి దగ్గర్నుంచి వచ్చి బల్ల వేయాలి. అతను దాటాక తీయాలి. తిన్నాక మళ్లీ వేయాలి, మళ్లీ తీయాలి. ఈలోగా పెనం మీద అట్టు మాడిపోయేది.

"ఎన్నికలయ్యేదాకానేగా," అనుకుంది.

ఎన్నికలకు తేదీ ఒక్కటే తక్కువ.

*

తేదీ ఎందుకు లేదో వరహాలమ్మకు కమిషనర్ త్రివిక్రమరావే స్వయంగా చెప్పాడు. ఆవిడ మొర పెట్టుకోవడానికి వెళితే లోపలికి పిలిచి కుర్చీ వేయించాడు.

"పోయినసారి ఎన్నికల్లో పదిమందిలో నలుగురే ఓటేశారమ్మా. ఎందువల్లా అని అధ్యయనం జరిపించాం. తక్కిన ఆరుగురికీ ఆ రోజు ఖాళీ లేదని తేలింది. కాబట్టి ఈసారి పురజనుల సౌలభ్యమే పరమావధిగా, ఏ ఒక్క పౌరుడికీ ఇబ్బంది కలగని రోజును అన్వేషించి నివేదించవలసిందిగా పై నుంచి ఉత్తర్వు. అందుకు తేదీ సౌలభ్య సంఘాన్ని ఏర్పాటు చేశాం. దేశంలో ఇదే మొదటిది."

"మరి నా గొయ్యి సార్?"

"తేదీ తేలుతుంది. ఎన్నిక జరుగుతుంది. కోడ్ పోతుంది. గొయ్యి పూడుతుంది. అంతా ఒక వరసలో ఉందమ్మా. మనం వరస తప్పకూడదు." ఆయన గొంతు తగ్గించాడు. "నీ ఇబ్బంది నాకు తెలుసు. సంఘం ప్రతి గురువారం కూర్చుంటుంది. టిఫిను నువ్వే పంపు."

వరహాలమ్మ తేలికపడ్డ మనసుతో ఇంటికొచ్చింది. కొట్టు దగ్గర సగం బేరం పోయినా గురువారం పెసరట్టు ఉప్మా ఆ లోటు పూడుస్తుంది. గోతిని ఎలాగూ ఎవరూ పూడ్చడం లేదు.

సంఘంలో నలుగురు. అధ్యక్షుడు పరాంకుశం గారు పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు, ప్రతి వాక్యాన్నీ "ఇత్యాది అంశాల దృష్ట్యా" అని ముగిస్తాడు. పంచాంగం చూడటానికి లక్ష్మీపతి సిద్ధాంతి. కల్యాణ మండపాల సంఘం నుంచి ఒకాయన, ప్రైవేటు స్కూళ్ల సంఘం నుంచి ఒకాయన. మొదటి గురువారం గోడ మీది పెద్ద క్యాలెండరు ముందు నిలబడి సిద్ధాంతి ఎర్ర పెన్సిలుతో అమావాస్యలన్నీ కొట్టేశాడు.

"ఇవి అడగనే అక్కర్లేదు," అన్నాడు. అందరూ తలలూపారు.

కార్తీకం వద్దన్నారు, జనం వనభోజనాలకు పోతారు. తర్వాత అయ్యప్ప స్వాములు కొండకు పోతారు. మాఘంలో పెళ్లిళ్లు. "ముహూర్తం ఉన్న రోజు ఎన్నిక పెడితే పెళ్లికొడుకు వేలికి గోరింటాకు పెట్టాలా, సిరా పూయాలా అండీ?" అని కల్యాణ మండపాలాయన నిలదీశాడు. మాఘం కూడా కొట్టేశారు. తర్వాత మూఢం వచ్చింది. మూఢంలో నామినేషను వేయడానికి ఒక్క అభ్యర్థీ ఒప్పుకోలేదు, ప్రత్యర్థిని వేయమన్నారు. ఆ పైన పరీక్షలు, పరీక్షలయ్యాక ఎండలు, ఎండలు కాస్త తగ్గాక స్కూళ్లు తెరిచే రోజులు. ఆషాఢం అయితే కుదురుతుందేమోనని ఎవరో అంటే పరాంకుశం గారు చేయెత్తి ఆపారు.

"ఆషాఢంలో కొత్తకోడలు పుట్టింట్లో ఉంటుంది. ఆమె ఓటు అత్తవారింట్లో ఉంటుంది. ఓటునూ ఓటరునూ విడదీయడం, ఇత్యాది అంశాల దృష్ట్యా..."

"అమ్మా, ఇంకో పెసరట్టు," అన్నాడు స్కూళ్లాయన.

వరహాలమ్మ వడ్డించింది. మొదట్లో సంతోషంగానే వడ్డించింది.

*

ఈలోగా తవ్వకం నడుస్తోంది. నడుస్తున్న పని కదా.

పాతాసుపత్రి వీధి అయిపోయాక జేసీబీ కుడివైపు తిరిగి మార్కెట్టు వీధిలోకి వెళ్లింది. వీధి మధ్యలో నిలబడి వరహాలమ్మ బాపినీడును అడిగింది.

"ఇటువైపు గొట్టాలు కూడానా బాబూ?"

"లేదమ్మా. మ్యాపులో మీ వీధి వరకే."

"మరి ఆపొచ్చుగా?"

"ఆపమని ఉత్తర్వు ఇవ్వాలి. కోడ్ ఉండగా ఉత్తర్వు ఇస్తే అది కొత్త నిర్ణయం." బాపినీడు హెల్మెట్టు తీసి తల గోక్కున్నాడు. "ఉత్తర్వు లేకుండా ఆపితే కాంట్రాక్టరు మీద కేసు. పాపం అతనూ ఏడుస్తున్నాడు. ముందుకెళ్లడానికే కాగితం ఉందమ్మా, ఆగడానికి లేదు."

మార్కెట్టు అయ్యాక సినిమాహాలు వీధి. తర్వాత అగ్నిమాపక కేంద్రం. గొయ్యి గేటు ముందు నుంచి పోవడంతో ఫైరింజను లోపలే ఉండిపోయింది. నిప్పంటుకుంటే ఇక్కడికే తీసుకురావాలని వాళ్లు బోర్డు పెట్టారు.

జ్యేష్ఠం చివర్లో వానలు మొదలయ్యాయి. గోతిలోకి మోకాలి లోతు నీళ్లు చేరాయి. బల్ల తడిసి జారుతోంది. వరహాలమ్మ దానిమీద గోనెపట్టా పరిచింది. నూకరాజు గారికి ఇబ్బంది లేకుండా ఇడ్లీ పొట్లం తనే అవతలికి తీసుకెళ్లి ఇచ్చేది. ఆయన గొడుగు కింద నిలబడి రెండూ తినేవాడు. ఉప్పు సంగతి ఎత్తేవాడు కాదు. నిలబడి తినే మనిషి వంట గురించి మాట్లాడడు.

ఒకరోజు పొట్లం అందుకోలేదు.

"రేపట్నుంచి రానమ్మా. ఇంట్లో అటుకులు నానబెట్టుకుంటాను."

"అదేంటండీ! అటుకులేంటి, నేను తెచ్చిస్తున్నాగా?"

"నువ్వు నాకోసం ఈ వయసులో ఆ బల్ల మీద నడుస్తుంటే చూడలేకపోతున్నాను." ఆయన కర్ర సవరించుకున్నాడు. "కూర్చుని నాలుగు మాటలు చెప్పుకుని తినేదే తిండి. ఇది మందు మింగినట్టుంది. కాంపౌండరుగా మందులు చాలా ఇచ్చాను. వస్తానమ్మా."

ఆయన మలుపు తిరిగేదాకా వరహాలమ్మ పొట్లం పట్టుకుని చూస్తూ నిలబడింది. ఆ పూట కొట్లో ఉన్నది ఇద్దరే. ఒకడు గవర్రాజు. రెండోవాడు వాన తగ్గేదాకా నిలబడ్డవాడు.

"ఈ లెక్కన కొట్టు మూసేయాల్సిందేరా," అంది.

"మూసేస్తే గురువారం పెద్దలకు పెసరట్టు ఎవరు పోస్తారు?" గవర్రాజు కొత్త ముసుగు కుడుతున్నాడు. విగ్రహానికి అది మూడోది, పాతవి ఎండకు చివికిపోయాయి. "ఏమైనా అనుకో అక్కా, నీ చేతి అల్లప్పచ్చడి ఉన్నంతకాలం వాళ్లకు తేదీ దొరకదు. ఇంట్లో ఉప్మా తినేవాళ్లు, గురువారం కోసం ఎదురుచూస్తున్నారు."

"నోర్ముయ్."

"నేను మూస్తాను. వాళ్లు తెరుస్తారు. నువ్వు పెడతావు."

వరహాలమ్మకు కోపం వచ్చింది. మాట నిజం కాకపోతే అంత వచ్చేది కాదు. తన గోతిని తెరిచి ఉంచుతున్నవాళ్లకు తనే కొసరి కొసరి వడ్డిస్తోంది. ఆ ఆర్డరు పోతే మిగిలేది ఖాళీ కొట్టు. పోకపోతే మిగిలేది గొయ్యి.

*

గురువారం వచ్చింది. సంఘం పెందలాడే కూర్చుంది. బయట వాన. పదకొండింటికి వరహాలమ్మ టిఫిను క్యారియర్లతో వెళ్లేసరికి నగరపాలక కార్యాలయం ముందు జనం గుంపు కట్టి ఉన్నారు.

వాళ్లు లోపలికెళ్లాక జేసీబీ కార్యాలయం ముందువైపుకు తిరిగింది. మిగిలిన మూడు వైపులా గొయ్యి అంతకు ముందే ఉంది. ఇప్పుడు గేటు ముందు కూడా పడింది. వెడల్పాటి గొయ్యి, నిండా ఎర్రనీళ్లు. లోపల కమిషనరు, ఇంజనీరు, సంఘం నలుగురూ వరండాలో నిలబడి ఉన్నారు. నిచ్చెన కోసం ఎవరో ఫైరింజనుకు ఫోను చేస్తున్నారు. అది ఎందుకు రాదో అందరికీ ఒక్కసారే గుర్తొచ్చినట్టుంది.

"అమ్మా! వచ్చావా!" కమిషనరు గొంతులో తన కూతుర్ని చూసినంత సంబరం. "బల్ల తెచ్చావా?"

వరహాలమ్మ వెనక్కి చూసింది. గవర్రాజు అప్పటికే బల్ల భుజానికెత్తుకుని వస్తున్నాడు.

బల్ల వేశారు. వరహాలమ్మ క్యారియర్లతో దాటి లోపలికెళ్లింది. అందరూ ఆవురావురుమంటూ కూర్చున్నారు. ఆవిడ విస్తర్లు వేసి, తలా ఒక పెసరట్టు వడ్డించి, అల్లప్పచ్చడి పెట్టి, ఖాళీ క్యారియర్లు సర్దుకుంది. ఎవరైనా రెండోది అడిగేలోగా గేటు దగ్గరకొచ్చి, బల్ల దాటి, అవతలి గట్టు మీద నిలబడింది.

"లాగరా గవర్రాజూ."

బల్ల వచ్చేసింది.

కమిషనరు చేతిలో పెసరట్టు ముక్కతోనే పరుగెత్తుకొచ్చాడు. "అదేంటమ్మా! మేము దాటొద్దూ?"

"వేసి ఉంచితే వంతెన సార్," అంది వరహాలమ్మ వినయంగా. "వేసి తీస్తే రవాణా. ఇంజనీరు గారు చెప్పారు. మీ గుమ్మంలోనే వంతెన కట్టి మీ ఉద్యోగాలకు చేటు తేనా?"

అందరూ బాపినీడు వైపు తిరిగారు. బాపినీడు అల్లప్పచ్చడి వైపు తిరిగాడు.

"అయితే మళ్లీ వెయ్యి. దాటగానే తీసేద్దువుగాని."

"వేస్తాను సార్. తేదీ తేలగానే ఒక్క కేక వెయ్యండి, వచ్చి వేస్తాను. ఇప్పుడు నా కొట్లో పెనం మీద అట్టుంది. ఇన్నాళ్లూ మాడినవి చాలు."

"ఇది నిర్బంధం, ఇత్యాది అంశాల దృష్ట్యా!" అన్నారు పరాంకుశం గారు.

"కాదండి. గొయ్యి," అన్నాడు గవర్రాజు.

జనం నవ్వారు. వరహాలమ్మ నవ్వలేదు. కొట్టుకొచ్చి అట్టు పోస్తూ గోడకున్న లైసెన్సు కాగితం వంక చూసింది. రేపు కొట్టు లైసెన్సు పీకేస్తే? ఏం, ఇప్పుడు నడుస్తోందా అని తనకు తనే చెప్పుకుంది.

లోపల మొదటి గంటలో సంఘం ఆవిడ ప్రవర్తనను ఖండిస్తూ తీర్మానం చేసింది. తీర్మానం కూడా కొత్త నిర్ణయమేనని బాపినీడు గుర్తుచేయడంతో వెనక్కి తీసుకుంది. రెండో గంటలో స్కూళ్లాయనకు పిల్లల్ని ఇంటికి తెచ్చే వేళయింది. సిద్ధాంతికి షుగరు మాత్ర వేళయింది. మాత్ర ఇంట్లో ఉంది. ఆయన లేచి క్యాలెండరు ముందుకెళ్లి కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఆషాఢ అమావాస్య. ఆదివారం పడింది. ఇంకా మూడు వారాలుంది."

"అమావాస్యా!" అన్నాడు కల్యాణ మండపాలాయన.

"ఆ రోజు పెళ్లిళ్లున్నాయా?"

"లేవు."

"గృహప్రవేశాలు? ప్రయాణాలు? ఎవరైనా కొత్తగా ఏ పనైనా మొదలెడతారా?"

"ఎవరు మొదలెడతారండీ అమావాస్య నాడు!"

"కాబట్టి అందరికీ ఖాళీ," అన్నాడు సిద్ధాంతి. "పురజనులందరికీ ఏకకాలంలో ఖాళీ దొరికే రోజు నెలకొక్కటే ఉంది. దాన్నే మనం కొట్టేసుకున్నాం."

"శాస్త్రం ఒప్పుకుంటుందా?"

"ఓటు గురించి శాస్త్రంలో ఎక్కడా లేదు. నేను వెతికాను." ఎప్పుడు వెతికాడని ఎవరూ అడగలేదు.

"మరి ఆషాఢం, కొత్తకోడళ్లు..."

"అమావాస్య నాడు ఎవరూ ఆడపిల్లను పంపరు కాబట్టి ముందురోజే పంపేస్తారు. ఓటు దగ్గరకు ఓటరు చేరుతుంది," అన్నారు పరాంకుశం గారు. అని, జీవితంలో మొదటిసారి వాక్యాన్ని అక్కడే ఆపేశారు.

కమిషనరు వరండాలోకి వచ్చి వేసిన కేక పాతాసుపత్రి వీధి దాకా వినిపించింది.

వరహాలమ్మ బల్లతో వచ్చింది. ఒక్కొక్కరే దాటారు. ఒక్కొక్కరు దాటగానే బల్ల తీసి, మళ్లీ వేసింది. రూలు రూలే. చివర్న బాపినీడు దాటుతూ మధ్యలో ఆగాడు.

"కోపమా అమ్మా?"

"మధ్యలో నిలబడి మాట్లాడకు బాబూ. జారుతుంది."

*

ఎన్నికలు అమావాస్య నాడు జరిగాయి. ఇళ్లలో పని లేక జనం పొద్దున్నే వచ్చి వరసల్లో నిలబడ్డారు. మధ్యాహ్నానికే కొన్ని చోట్ల ఓటేయాల్సినవాళ్లు అయిపోయారు. ఇదొక ఆదర్శమని, సంఘం దూరదృష్టికి నిదర్శనమని కమిషనరు పై వాళ్లకు రాశాడు. గెలిచినవాళ్లు మాత్రం ప్రమాణ స్వీకారం శ్రావణంలో మంచిరోజు చూసుకునే చేశారు.

కోడ్ పోయింది. విగ్రహం ముసుగు తీశారు. గొట్టాలు వేశారు. గొయ్యి పూడ్చారు. సంఘం రద్దయింది, గురువారం పెసరట్లు ఆగిపోయాయి. వరహాలమ్మ కొట్టు లైసెన్సు మీద ఎవరూ చెయ్యి వేయలేదు. కాకపోతే గొయ్యి పూడ్చిన మొదటి రెండు రోజులూ జనం పలచగానే వచ్చారు. ఇంట్లో తినడం అలవాటు పడ్డారేమోనని ఆవిడ పిండి సగమే రుబ్బింది.

ఒక తమాషా మాత్రం జరుగుతూ ఉండేది. పూడ్చిన చోటికి రాగానే ప్రతివాడూ ఆగి, కిందికి చూసి, కాలు బారచాపి పెద్ద అంగ వేసేవాడు. ఆటోవాళ్లు వేశారు. బాపినీడు వేశాడు. ఎదురుగా కూర్చుని అందరినీ వెక్కిరించిన గవర్రాజు టీకి వస్తూ తనూ వేశాడు.

మూడో రోజు పొద్దున వీధి మలుపులో చేతికర్ర చప్పుడు వినిపించింది. నూకరాజు గారు వచ్చి పూడ్చిన చోట ఆగాడు. కర్రతో నేలను తట్టి చూశాడు. తర్వాత పంచె కాస్త ఎత్తిపట్టి, ఆ వయసులో వేయగలిగినంత పెద్ద అంగ వేసి, లోపలికొచ్చి కూర్చున్నాడు. కూర్చున్నది టేకు బల్ల మీద. వరహాలమ్మ దానికి రెండు వైపులా ఇటుకలు పేర్చి గోడవారగా వేసింది.

"అటక ఎక్కించలేదేమ్మా?"

"ఎక్కిస్తే మళ్లీ దింపాలిగా. మళ్లీ ఎన్నికలకు అయిదేళ్లు ఎంతలో తిరుగుతాయండీ?"

ఆయన రెండిడ్లీ తిన్నాడు. నిదానంగా తిన్నాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. వరహాలమ్మ పెనం మీద అట్టు వదిలేసి అటే చూస్తోంది.

"చట్నీలో," అన్నాడు నూకరాజు గారు తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ, "కొంచెం ఉప్పు తగ్గిందమ్మా."